మొక్కజొన్న చేల మధ్య సినిమా

మా అత్తయ్య కెనడా వచ్చిన మొదటి చలికాలమంతా మా ఇంట్లో టీవీ గొడవే. గొడవంటే అత్తాకోడళ్ళ గొడవ కాదు, వాల్యూమ్ గొడవ. మిల్టన్‌లో మాది టౌన్‌హౌస్. అటొక ఇల్లు, ఇటొక ఇల్లు, మధ్యలో గోడలు ఉమ్మడి. అత్తయ్య సీరియల్ పెట్టారంటే తెలుగు రాని పక్కింటివాళ్ళకి కూడా కథ అర్థమైపోయేంత సౌండ్. ఒకరోజు పక్కింటావిడ తలుపు తట్టి, తనది రాత్రి డ్యూటీ అనీ, పగలు పడుకోవాలనీ చాలా మర్యాదగా చెప్పింది. నేను సారీ చెప్పి లోపలికొచ్చి సౌండ్ తగ్గించాను. అత్తయ్య రిమోట్ అందుకుని మళ్ళీ పెంచారు.

"వినపడట్లేదా అత్తయ్యా?" అన్నాను.

"వినపడకేం? ఇక్కడి టీవీలే అంత. మాట ముద్దముద్దగా వస్తోంది."

ఆవిడ అలా అనడానికి కారణం ఉంది. అత్తయ్య గుంటూరు జిల్లాలో ఒక చిన్న టౌన్‌లో టెలిఫోన్ ఎక్స్‌చేంజ్ ఆపరేటర్‌గా చేరి, అదే డిపార్ట్‌మెంట్‌లో రిటైరయ్యారు. తలకి హెడ్‌సెట్ తగిలించుకుని ట్రంక్ కాల్స్ కలుపుతూ, లైన్లో వచ్చే గరగరల్లోంచి ఊళ్ళ పేర్లూ నంబర్లూ చావుకబుర్లూ పెళ్ళికబుర్లూ ఏరి తీసిన మనిషి. "చీమ దగ్గినా నాకు వినపడేదమ్మా" అని చెప్పుకునేవారు. అలాంటి మనిషితో మీ చెవులు తగ్గాయని ఎవరనగలరు? మా ఆయన ఒకసారి డాక్టర్ మాట ఎత్తితే రెండు రోజులు ముభావంగా ఉండిపోయారు. ఆ తర్వాత మేమిద్దరం ఆ ఊసెత్తలేదు.

తెలుగు సినిమా వచ్చిందని హాలుకి తీసుకెళ్తే అక్కడా అదే ఇబ్బంది. "ఏమన్నాడు?" అని ఆవిడ గట్టిగా అడిగేవారు. గుసగుసగా చెప్తే వినపడదు కాబట్టి నేనూ గట్టిగానే చెప్పాల్సి వచ్చేది. ముందు వరసలో తలలు వెనక్కి తిరిగేవి. అవి చూసి అత్తయ్య మిగతా సినిమా అంతా నోరు మూసుకుని, అర్థం కాకుండానే చూసి వచ్చేవారు. రెండుమూడుసార్లు అలా అయ్యాక, "మీరెళ్ళి రండమ్మా, నాకు సినిమాలంటే అంత ఇది లేదు" అనేశారు. ఆ మాట అబద్ధమని ఇంట్లో అందరికీ తెలుసు.

కార్లోనే కూర్చుని ఆరుబయట సినిమా చూసే డ్రైవ్-ఇన్ సంగతి నాకు ఆఫీసులో ఒకావిడ చెప్పింది. ఊరు దాటాక పొలాల మధ్య ఉంటుందట. వేసవిలోనే నడుస్తుందట. "కారులోంచి దిగక్కర్లేదు. సౌండ్ మీ కారు రేడియోలోనే వస్తుంది. ఎంత పెంచుకుంటారో మీ ఇష్టం" అంది. మిగతావన్నీ నేను సరిగా వినలేదు. ఆ చివరి మాట మాత్రం పట్టుకుని ఇంటికొచ్చాను.

మొదటిసారి వెళ్ళినప్పుడు ఇంకా వెలుతురుంది. ఇక్కడ వేసవిలో అన్నాలు తిని గిన్నెలు కడిగేసుకున్నాక కూడా సూర్యుడు కదలడు. రెండువైపులా మొక్కజొన్న చేలు, మధ్యలో కంకర పరిచిన పెద్ద మైదానం, ఆ చివర నాలుగంతస్తుల మేడంత తెల్లటి తెర. నేల చదునుగా లేదు. పొలంలో గట్లు వేసినట్టు వరసవరసకీ మట్టి ఎత్తుగా పోశారు. ముందు చక్రాలు ఆ గట్టెక్కిస్తే కారు ముక్కు పైకెత్తుకుని తెరవైపు చూస్తుంది. తెర కింద ఉయ్యాలలూ జారుడుబండలూ ఉంటే, పిల్లలు పడుకునే బట్టల్లోనే వచ్చి చీకటి పడేదాకా ఆడుకుంటున్నారు. మా పాప అప్పుడు ఒకటో తరగతి. కారు ఆగిందో లేదో అటు పరిగెత్తింది.

చీకటి పడ్డాక రేడియోలో స్టేషన్ పట్టుకుని, అత్తయ్యని ముందు సీట్లో కూర్చోబెట్టి, సౌండ్ నాబ్ ఆవిడ చేతికే ఇచ్చాను. ఆవిడ తిప్పుతూ పోయారు. కారు అద్దాలు గజగజలాడాయి. నేను అలవాటు కొద్దీ అటూ ఇటూ చూశాను. ఒక్కరూ మావైపు తిరగలేదు. ఎవరి కారు వాళ్ళది, ఎవరి సౌండ్ వాళ్ళది.

అది ఇంగ్లీషు బొమ్మల సినిమా. అయినా అత్తయ్య కళ్ళార్పకుండా చూశారు. "ఏమన్నాడే?" అని మనవరాలిని అడిగితే, అది వెనక సీట్లోంచి ముందుకి వంగి, "నానమ్మా, హీ లాస్ట్ హిజ్ డాడ్" అని అరిచింది. "అయ్యో!" అని ఈవిడా అరిచారు. కారంతా గోలగోల. ఇంటికొచ్చేటప్పుడు అత్తయ్య, "ఇది బావుందమ్మా. హాలుకన్నా ఇదే నయం" అన్నారు.

ఆ వేసవి, ఆ తర్వాతి వేసవి, వాతావరణం కుదిరినప్పుడల్లా వెళ్ళేవాళ్ళం. మా ఆయనకి ఆఫీసు ఆన్-కాల్ డ్యూటీ లేకపోతే నలుగురం, ఉంటే మేం ముగ్గురం ఆడవాళ్ళం. ఇండియా నుంచి తెచ్చుకున్న దోమల క్రీము, ఒక రగ్గు, డబ్బాలో జంతికలు.

అలా వెళ్ళగా వెళ్ళగా ఓనర్ పరిచయమయ్యాడు. తెల్లటి మీసాలు, మెడలో ఎప్పుడూ టార్చిలైటు. టికెట్లు ఆయనే ఇచ్చేవాడు, బొమ్మ ఆయనే వేసేవాడు. పాప్‌కార్న్ కౌంటర్‌లో ఆయన భార్య. ఆ నేల ఆయన తండ్రి పొలమట. ఆ పొలం ముక్కలో నీళ్ళు నిలిచి పంట సరిగా రావట్లేదని తెర కట్టించాడట. ఆ రోజుల్లో రేడియో లేదు. వరసల్లో ఇనప స్తంభాలుండేవి, వాటికి వేలాడే స్పీకరు తీసి కారు అద్దానికి తగిలించుకోవాలి. సినిమా అయ్యాక చాలామంది అది తీయడం మర్చిపోయి, వైరు తెంపుకుని మరీ ఇంటికి పట్టుకుపోయేవాళ్ళట. "మర్నాడు పొద్దున్నే సిగ్గుపడుతూ తెచ్చిచ్చేవాళ్ళు" అని నవ్వేవాడాయన. తర్వాత వీడియో క్యాసెట్లొచ్చి సగం ఊపిరి తీశాయి. చుట్టుపక్కల ఊళ్ళలో ఇలాంటివన్నీ ఒక్కొక్కటే మూతపడ్డా, ఇది మాత్రం ఎలాగో నిలబడిందట.

ఇక నేను చెప్పదలుచుకున్న రోజు సంగతి. ఆగస్టు చివర. పగలంతా ఎండే గానీ సాయంత్రానికి చలిగాలి మొదలైంది. మా ఆయన ఇంట్లో లాప్‌టాప్ ముందున్నాడు. మేం ముగ్గురమే వచ్చాం. మొదటి సినిమా అయిపోయింది. రెండోదానికి ముందు కాసేపు విరామం. పాప వెనక సీట్లో నిద్రపోయింది.

"నేను బాత్రూమ్‌కి వెళ్ళొస్తా" అన్నారు అత్తయ్య.

"ఉండండి, పాపని లేపుతా, అందరం వెళ్దాం."

"పడుకున్న పిల్లని లేపుతావా? ఎన్నిసార్లు రాలేదు? నాకు తెలీదా దారి?"

ఆవిడ దిగి, శాలువా కప్పుకుని, లైట్లున్న కౌంటర్ వైపు నడిచి వెళ్ళడం చూశాను. బాత్రూమ్‌లు అక్కడే. కాసేపటికి లైట్లు ఆరిపోయాయి. రెండో సినిమా మొదలైంది. అత్తయ్య రాలేదు. క్యూ ఉందేమో అనుకున్నాను. ఇంకా రాలేదు.

పాపని భుజాన వేసుకుని పరిగెత్తాను. బాత్రూమ్‌లో ఎవరూ లేరు. కౌంటర్ దగ్గర లేరు. బయట చీకట్లో వరసలు వరసలుగా కార్లు, సగానికి సగం మా కారులాగే గ్రే కలర్ ఎస్‌యూవీలు. పగలు చూస్తేనే ఏది మనదో తెలీదు. పైగా అత్తయ్యకి ఫోను వెంట ఉంచుకునే అలవాటు లేదు. అది మా సీట్లోనే ఉంది. "అత్తయ్యా! అత్తయ్యా!" అని రెండు వరసలు పిలుచుకుంటూ తిరిగాను. మూడో వరసలో ఆగిపోయాను. ఎవరిని పిలుస్తున్నాను? వినపడే మనిషినా?

నా కళ్ళు గేటు వైపు వెళ్ళాయి. గేటు దాటితే రోడ్డు, రోడ్డు మీద ట్రక్కులు. ఇటు చూస్తే మనిషెత్తు మొక్కజొన్న. అందులో దారి తప్పితే పట్టపగలు కూడా కనపడరు. వెనక నుంచి ట్రక్కు హారన్ కొట్టినా ఆవిడకి తెలీదు. మా ఆయనకి ఏం చెప్పాలి?

ఓనర్ ప్రొజెక్టర్ గది మెట్ల మీదున్నాడు. నన్ను చూడగానే దిగి వచ్చాడు.

"మా అత్తగారు కనపడట్లేదు. ఆవిడకి ఇంగ్లీషు అంతగా రాదు" అని, పాపని ఇంకో భుజానికి మార్చుకుని, "చెవులు కూడా సరిగా వినపడవు" అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

ఆయన కంగారు పడలేదు. భార్యని పిలిచి గేటు దగ్గరికి పంపాడు. నావైపు తిరిగి, "అసలేమీ వినపడదా?" అన్నాడు.

"కారు రేడియో గట్టిగా పెడితే వింటారు."

"అయితే రేడియోలోనే పిలుద్దాం. నా దగ్గర మైకుంది. ఇందులో మాట్లాడితే ఇక్కడున్న ప్రతి కారులోనూ వినపడుతుంది."

"కానీ ఆవిడ మా కారులో లేరు కదా!"

"ఇంత చలిలో ఊరికే నిలబడి ఉండదు. నడుస్తూ ఉంటే ఎవరో ఒకరు చూస్తారు. ఎవరూ చూడలేదంటే ఏదో ఒక కారులో కూర్చునుంటుంది. నువ్వు నీ భాషలో చెప్పు."

ఆయన బొమ్మ ఆపాడు. తెరమీద ఒక అమ్మాయి నోరు తెరిచినట్టే ఆగిపోయింది. మైదానమంతా ఒక్కసారిగా నిశ్శబ్దం. ఆయన ముందు ఇంగ్లీషులో, ఒక పెద్దావిడ కనపడట్లేదు, చీర కట్టుకుని శాలువా కప్పుకుని ఉంటుంది, అందరూ చుట్టూ చూడండి అని చెప్పి, మైకు నా చేతికిచ్చాడు. పాప లేచి నా మెడ గట్టిగా పట్టుకుంది.

ఆ మైదానంలో ఎవరికీ అర్థం కాని భాషలో, వినపడుతుందో లేదో తెలియని మనిషితో మాట్లాడాలి.

"అత్తయ్యా, నేనే" అన్నాను. మైకు ఇంకా దగ్గరికి తీసుకున్నాను. మళ్ళీ, "అత్తయ్యా, నేను మీ కోడల్ని. భయపడకండి. మీరు ఏ కారులో ఉంటే ఆ కారు హారన్ కొట్టండి. కొడుతూనే ఉండండి. నేను వచ్చేస్తాను" అన్నాను.

ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత మధ్య వరసలోంచి చిన్నగా రెండు హారన్లు. ప్రాణం లేచొచ్చి అటు పరిగెత్తబోతుంటే, అటు చివరి వరసలోంచి ఇంకో హారన్ అందుకుంది. అది ఆగలేదు. ఊళ్ళో మిల్లు కూతలా అలా మోగుతూనే ఉంది. ఓనర్ నావైపు చూసి, "అదే" అన్నాడు.

టార్చిలైటుతో ఆయన ముందు, పాపతో నేను వెనక. చివరి వరసలో ఒక గ్రే కలర్ వ్యాను. తలుపు తీసేసరికి అత్తయ్య వెనక సీట్లోంచి రెండు ముందు సీట్ల మధ్యకి ఒరిగి, చెయ్యి చాచి, స్టీరింగ్ మీద బలంకొద్దీ నొక్కుతున్నారు. పక్కన ఒక తెల్ల ముసలావిడ, అత్తయ్యకన్నా పెద్దది, ఈవిడ పడిపోకుండా నడుం పట్టుకుని ఉంది. ఇద్దరి ఒళ్ళో ఒకటే దుప్పటి.

"అత్తయ్యా, ఇంక చాలు!" అని భుజం తట్టాను. చెయ్యి తీశారు. నన్ను చూసి, "వచ్చావా" అన్నారు. ఆ ఒక్క మాటకి నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి.

జరిగిందేమిటంటే, చీకట్లో ఆవిడ మా కారనుకుని ఆ వ్యాను తలుపు తీసి ఎక్కేశారు. లోపల కూర్చున్నాక తెలిసింది అది వేరేవాళ్ళదని. దిగబోతే ఆ ముసలావిడ చెయ్యి పట్టుకుని, బయట చలి అన్నట్టు సైగ చేసి, దుప్పటి కప్పిందట. ఆవిడ కొడుకు ఈవిడకి సంబంధించినవాళ్ళెవరో వెతికి వస్తానని కౌంటర్ వైపు వెళ్ళాడు. నేనూ అతనూ చీకట్లో ఒకరినొకరు దాటిపోయాం కాబోలు.

"దిగి వెతుక్కుందామనుకున్నానమ్మా. కానీ ఎటు వెళ్ళాలో తోచలేదు" అన్నారు అత్తయ్య. "పైగా ఈవిడ కారులో బొమ్మ బాగా వినపడుతోంది."

నిజమే. ఆ కారులో వాల్యూమ్ చివరిదాకా తిప్పి ఉంది. ముసలావిడ నావైపు తిరిగి, తన చెవి చూపించి, "ఇది లేకపోతే నాకు పక్కన పిడుగు పడినా తెలీదు" అంది. చెవి వెనక చిన్న మిషను. "ఉన్నా కూడా సినిమాకి గట్టిగానే కావాలి."

ఇంతలో మధ్య వరసలోంచి ఒక జంట పరిగెత్తుకొచ్చారు. ముందు వినిపించిన ఆ రెండు చిన్న హారన్లు వాళ్ళవే. "మీ తెలుగు విని, మేం ఉన్నామని చెప్పడానికి కొట్టామండీ. కన్‌ఫ్యూజ్ చేశామా?" అన్నాడతను మొహమాటంగా. నేను లేదని చెప్పి, చేతులు జోడించాను. ఓనర్ మళ్ళీ మైకు దగ్గరికెళ్ళి "దొరికారు" అని చెప్పగానే, మైదానంలో కార్లన్నీ ఒక్కసారి హారన్లు కొట్టాయి. అది మాత్రం అత్తయ్యకి కారు బయటే వినపడింది. "ఎందుకు కొడుతున్నారు?" అన్నారు. "మీకోసమే" అంది పాప, తెలుగులోనే.

ఆ రెండో సినిమా మేం చూడలేదు. ఇంటికి బయల్దేరాం. ఊరి దీపాలు కనపడ్డాక అత్తయ్య, "నువ్వు వరసల్లో పిలిచావా?" అన్నారు.

"పిలిచాను."

"వినపడలేదమ్మా." శాలువా సర్దుకుని, "చాలా రోజులైంది వినపడక. మీకు తెలిసిపోతుందేమోనని ఒక భయం. తెలిసిపోయిందని ఇంకో భయం. ఇవాళ ఆ రెండూ పోయాయి" అన్నారు.

నేను కుడి చేత్తో ఆవిడ చెయ్యి పట్టుకుని, ఎడమ చేత్తో డ్రైవ్ చేశాను. ఆ రాత్రి మా ఆయనకి జరిగింది చెప్తే, ముందు కోప్పడ్డాడు, తర్వాత వాళ్ళమ్మ పక్కన కూర్చుని చాలాసేపు లేవలేదు.

తర్వాతి వారమే చెవుల పరీక్షకి వెళ్ళాం. మిషన్లు వచ్చిన రోజు అత్తయ్య ఇల్లంతా తిరిగి, ఫ్రిజ్ చప్పుడు చేస్తుందని కనిపెట్టారు. కారు ఇండికేటర్ టిక్కుటిక్కుమంటుందని కనిపెట్టారు. మనవరాలు గొణుక్కునే ఇంగ్లీషులో సగం తన మీద ఫిర్యాదులేనని కూడా కనిపెట్టారు. టీవీ సౌండ్ దిగింది. పక్కింటావిడ ఒకరోజు గుమ్మంలో కేకు పెట్టి వెళ్ళింది.

డ్రైవ్-ఇన్‌కి వెళ్ళడం మానలేదు. ఇప్పుడు మామూలు సౌండ్‌తోనే చూసేవాళ్ళం. వెళ్ళినప్పుడల్లా అత్తయ్య ఆ వ్యాను కోసం చూసేవారు. ఒకసారి కనపడింది. జంతికల డబ్బా పట్టుకెళ్ళి ఇచ్చి, తన చెవి వెనక మిషను చూపించి వచ్చారు. ఆ ముసలావిడ రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొట్టిందట.

కోవిడ్ వేసవుల్లో సినిమా హాళ్ళన్నీ మూసేస్తే అక్కడ మాత్రం కార్లు గేటు దాటి రోడ్డు మీదికి బారులు తీరాయి. ఇంక దీనికి తిరుగులేదనుకున్నాం. కానీ ఆ తర్వాత ఎక్కువ రోజులు పట్టలేదు. ఒక వసంతంలో, సినిమా పేర్లు పెట్టే బోర్డు మీద "ఇన్ని వేసవులకు థాంక్స్" అని మాత్రం ఉంది. నేల అమ్మేశారు, ఇళ్ళు వస్తాయన్నారు. నాకు మనసు కలుక్కుమంది. అత్తయ్యకి ఎలా చెప్పాలా అని రెండు రోజులు చూశాను.

కూల్చేముందు ఒక శనివారం సామాన్లు అమ్ముతున్నారంటే వెళ్ళాం. పాత స్పీకర్లు, బోర్డు అక్షరాలు, పాప్‌కార్న్ మిషను బల్లల మీద పెట్టారు. వచ్చినవాళ్ళందరూ ఓనర్ చెయ్యి పట్టుకుని సారీ చెప్తున్నారు, కొందరు కళ్ళు తుడుచుకుంటున్నారు. ఆయన తల ఊపుతున్నాడు. మా వంతు వచ్చాక నేనూ అదే అనబోతుంటే, అత్తయ్య నన్ను ఆపారు.

"ఈయనకి ఈ పని ఎప్పటినుంచో అడుగు" అన్నారు.

అడిగాను. "బడికెళ్ళే రోజులనుంచీ" అన్నాడాయన. "మా నాన్న తర్వాత నేనే. శుక్రవారం మధ్యాహ్నం నుంచి ఆకాశం చూడటమే. వానొస్తుందా, పొగమంచు పడుతుందా, గాలికి తెర రేకులు లేచిపోతాయా. వేసవిలో శనివారం నాడు నేను ఒక్క పెళ్ళిలోనూ చివరిదాకా లేను. నా సొంత చెల్లెలి పెళ్ళిలో కూడా కేకు కోయకముందే వచ్చేశాను."

నేను తెలుగులో చెప్పాను. అత్తయ్య ఆయన చెయ్యి అందుకుని, ఇంగ్లీషులో తనే, "కంగ్రాచ్యులేషన్స్" అన్నారు.

ఆయన మొహం ఒక్కసారిగా విచ్చుకుంది. భార్యని కేకేశాడు. "విన్నావా? పొద్దున్నుంచీ అందరూ చావింటికొచ్చినట్టు వస్తున్నారు. ఈవిడొక్కతే శుభం చెప్పింది!" ఆవిడ కౌంటర్ వెనక నుంచి వచ్చి అత్తయ్యని వాటేసుకుంది. మోకాళ్ళకి ఆపరేషన్ చేయించుకోవాలట, ఏళ్ళుగా వాయిదా వేస్తోందట. ఇప్పుడు వేసవిలోనే చేయించుకుంటుందట. సముద్రం పక్కన ఉన్న కూతురి దగ్గరికి వెళ్తారట. అమ్మాలని తనే ముందు అన్నదట. "ఆయన ఒప్పుకున్న రోజు నేను పగలంతా నిద్రపోయాను" అంది.

మేం మాట్లాడుతుండగానే సన్నగా చినుకులు మొదలయ్యాయి. జనం బల్లల మీద ప్లాస్టిక్ షీట్లు కప్పడానికి పరుగులు తీశారు. ఆయన మాత్రం కదల్లేదు. మీసాల మీద నీళ్ళు కారుతుంటే, చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడి, "కురవనీ" అన్నాడు.

మేం కారెక్కాం. పాప ఇప్పుడు నాకన్నా పొడుగు, ముందు సీటు తనదే. వైపర్లు వేసి గేటు దాటుతుంటే అత్తయ్య వెనక అద్దంలోంచి చూస్తూ, "చూశావా, పరీక్షలైపోయిన పిల్లాడిలా ఉన్నాడు" అన్నారు. ఇంటికెళ్ళాక ఆవిడే స్టవ్ ముందు నిలబడి, వానకి తోడుగా మిరపకాయ బజ్జీలు వేశారు.